బండి బలం బ్రేకులోనే ఉంది

అల్లుడూ,

మీ తాతగారి మారుతీ 800లోంచి ఇంజను దించేసి, ఆ చోట ఎస్టీమ్ ఇంజను ఎక్కిద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. పెరట్లో రేకుల పాక వేయించావట. పానాల సెట్టు కొన్నావట. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను బేరం కూడా కుదిరిందట. బయానా ఇచ్చేలోగా ఈ మావయ్య చెప్పేది కాస్త నిదానంగా చదువు. పాలకొల్లు, భీమవరం, అమలాపురం, రావులపాలెం, ఎక్కడ చూసినా నీ ఈడు కుర్రాళ్లలో కొందరికి ఇదే ఆలోచన వస్తోంది. నీకు చెప్పేది వాళ్లకూ చెప్పినట్టే.

నీ కోరికను నేను తప్పు పట్టను. సొంత చేతులతో ఇంజను విప్పాలని ఉబలాటపడే కుర్రాడు ఇంట్లో ఉండడం అదృష్టం. మన గోదావరి జిల్లాల్లో ఇనుప పనికి పాత చరిత్రే ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పనులతో అక్కడ వర్కుషాపులు వెలిశాయి. కోరంగిలో సముద్రం మీద తిరిగే ఓడలు కట్టారు. లంక గ్రామాల్లో పొలం నీళ్లకు వాడే డీజిల్ ఇంజనును నాటుపడవకు బిగించుకుని ఏరు దాటినవాళ్లు ఎందరో. ఉన్నదాన్ని విప్పి మరో పనికి అమర్చుకునే తెలివి మన మట్టిలోనే ఉంది. నీలోనూ అదే ఉంది. దాన్ని అణిచెయ్యమని చెప్పడానికి ఇది రాయడం లేదు.

కానీ ఆ పెద్ద ఇంజను ఆ చిన్న బండిలో పెట్టి రోడ్డెక్కొద్దు. ఇది నా తీర్పు. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను. తర్వాత ఆ పాకలో ఆ పానాలతో నువ్వు చేయదగ్గ పనేమిటో కూడా చెబుతాను.

ముందు లెక్కలు చూడు. నీ దగ్గరున్న 800లో మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను ఉంది. అది ఇచ్చేది అటూ ఇటూగా 37 హార్స్ పవర్. బండి బరువు 650 కిలోల చిల్లర. ఆ బలానికి, ఆ బరువుకు సరిపోయేలా ముందు చిన్న డిస్కులు, వెనక డ్రమ్ములు, 12 అంగుళాల చక్రాలు ఇచ్చారు. నువ్వు తెస్తానంటున్న ఎస్టీమ్ ఇంజను నాలుగు సిలిండర్లది, 1298 సీసీ. కార్బొరేటర్ రోజుల్లో 65, పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చాక 85 హార్స్ పవర్. అంటే బండి అదే, బలం రెట్టింపు పైన. ఆ 85 హార్స్ పవర్‌ను మోయడానికి ఎస్టీమ్ కారుకు కంపెనీ ఇచ్చిన బాడీ వేరు, చక్రాలు వేరు, బ్రేకులు వేరు, ముందు సస్పెన్షన్ వేరు. నువ్వు వాటిలో ఇంజను ఒక్కటే తెచ్చుకుంటున్నావు. మిగతావి అక్కడే వదిలేసి వస్తున్నావు.

మన ఊరి రైతు ఎవరిని అడిగినా చెబుతాడు, పెద్ద కాలువ నీరంతా పంటబోదెలోకి వదిలితే ముందు తెగేది బోదె గట్టే అని. ఇంజను నుంచి రోడ్డు దాకా బలం వెళ్లే దారంతా ఆ బోదెలాంటిదే. క్లచ్ ప్లేటు, గేర్‌బాక్సు, ముందు చక్రాలను తిప్పే యాక్సిళ్లు, ఇంజనును పట్టుకునే రబ్బరు మౌంటింగులు, మౌంటింగులను పట్టుకునే పల్చటి రేకు, ఇవన్నీ 37 హార్స్ పవర్‌కు కొలిచి చేసినవి. మొదటి నెలలో ఏమీ తెలియదు. పికప్ చూసి ముచ్చటేస్తుంది. ఆ తర్వాత క్లచ్ జారడం మొదలవుతుంది. మలుపుల్లో యాక్సిల్ కప్పుల దగ్గర టకటక మంటుంది. మౌంటింగు తెగి ఇంజను పక్కకు ఒరుగుతుంది. వెల్డింగ్ చేసిన చోట రేకు పగులుతుంది. వీటిలో ఏదీ ఇంట్లో నిలబడి ఉన్నప్పుడు పోదు. బలం లాగినప్పుడే పోతుంది, అంటే వేగంగా వెళ్తున్నప్పుడు.

అన్నిటికంటే పెద్ద మాట బ్రేకుది. బండి వేగం రెట్టింపు అయితే దాన్ని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇది ఇంటర్ ఫిజిక్సులో నువ్వు రాసి పాసైన సూత్రమే. మంచి పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక ఆగడానికి దాదాపు 20 మీటర్లు కావాలనుకో. 120లో అదే బండికి 80 మీటర్లు కావాలి. ఇది బ్రేకు పట్టాక లెక్క. కాలు బ్రేకు మీదకు వెళ్లేలోగా ఒక సెకను పోతే, 70 వేగంలో 19 మీటర్లకు పైగా, 100 వేగంలో దాదాపు 28 మీటర్లు ఊరికే జరిగిపోతాయి. బ్రేకులు మింగిన శక్తి వేడిగా మారుతుంది. చిన్న డిస్కులు ఆ వేడిని రెండు మూడు సార్లు తట్టుకుంటాయి. నాలుగోసారి పెడల్ మెత్తబడుతుంది. బండి ఎంత త్వరగా పరుగందుకుంటుందో చెప్పేది ఇంజను. నువ్వు ఇంటికి తిరిగొస్తావా లేదా అన్నది చెప్పేది బ్రేకు.

పెద్ద ఇంజను పెట్టడం అసలు తప్పని నేననడం లేదు. ప్రపంచంలో పేరున్న కార్లు కొన్ని ఆ పద్ధతిలోనే పుట్టాయి. అవి ఎలా పుట్టాయో చూస్తే నా మాట నీకే అర్థమవుతుంది. 1959లో ఇంగ్లండులో మినీ అనే చిన్న కారు 848 సీసీ ఇంజనుతో వచ్చింది. అప్పుడు దాని బలం 34 హార్స్ పవర్, అంటే మన 800కు దగ్గర బంధువు. రేసు కార్లు కట్టే జాన్ కూపర్ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. 1961లో వచ్చిన మినీ కూపర్‌కు ఇంజను 997 సీసీ అయింది, బలం 55కి పెరిగింది. ఆ కారుతోపాటే ముందు చక్రాలకు డిస్కు బ్రేకులూ వచ్చాయి. గట్టిగా చూస్తే పెంచిన ఇంజను 150 సీసీ. అంతమాత్రానికే బ్రేకులు మార్చారు. నువ్వు పెంచుతానంటున్నది 500 సీసీ.

ఇంకో కథ. 1962లో అమెరికాలో క్యారల్ షెల్బీ అనే రేసు డ్రైవరు, ఏసీ అనే బ్రిటిష్ కంపెనీ తేలికపాటి స్పోర్ట్స్ కారులో ఫోర్డ్ వారి వీ8 ఇంజను పెట్టించి కోబ్రా అనే కారు తయారుచేశాడు. మూడేళ్ల తర్వాత దానికి ఏడు లీటర్ల ఇంజను పెట్టాలనుకున్నప్పుడు పాత చట్రం సరిపోలేదు. మూడు అంగుళాల గొట్టాల చోట నాలుగు అంగుళాల గొట్టాలతో కొత్త చట్రం కట్టారు. ఆకు స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. ఇంజను పెద్దదైతే దాన్ని మోసేది కొత్తగా పుట్టాలని ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

మన దేశంలోనూ కాంటెస్సా కారు కథ ఉంది. 1984లో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని తెచ్చినప్పుడు అంతటి పొడవాటి కారుకు అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజనే పెట్టింది. బండి లాగడం లేదని అందరూ అన్నారు. కొన్నేళ్లకు జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల ఇంజను పెట్టి, దానికి తగిన అయిదు గేర్ల గేర్‌బాక్సు ఇచ్చాక గానీ ఆ కారుకు నడక రాలేదు. అక్కడ ఇంజను మార్చింది ఒక ఫ్యాక్టరీ. దాని వెనక డ్రాయింగులు గీసిన ఇంజనీర్లు ఉన్నారు, వేల కిలోమీటర్లు తిప్పి చూసే డ్రైవర్లు ఉన్నారు. నీ పెరట్లో అవేవీ లేవు.

1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర మండిపోయాక, దేశమంతటా టాక్సీ అంబాసిడర్లకూ జీపులకూ డీజిల్ ఇంజన్లు ఎక్కించడం సాగింది. అంబాసిడర్‌కు కంపెనీయే డీజిల్ ఇంజను ఇచ్చింది 1980 ప్రాంతంలో. మీ తాతల తరంలో పెళ్లిళ్లకు కట్టించుకున్న టాక్సీల్లో అలాంటి బండ్లు కొన్ని ఉండేవి. దాన్ని చూపించి నువ్వు వాదిస్తావని నాకు తెలుసు. కానీ అప్పటివాళ్లు అది చేసింది వేగం కోసం కాదు, కిలోమీటరు ఖర్చు కోసం. ఎక్కించిన ఇంజను పాతదానికంటే మెల్లగా నడిచేది. అయినా దాని బరువుకూ అదురుకూ మౌంటింగులు త్వరగా పోయేవి, నట్లు వదులయ్యేవి, బండి ముందుభాగం కుంగేది. మెల్లగా నడిచే ఇంజనే అంత ఇబ్బంది పెడితే, పరుగెత్తించే ఇంజను సంగతి నువ్వే ఆలోచించు.

ఇక ఏ రోడ్డు మీద నడుపుతావు? మన డెల్టాలో రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీదే ఉంటాయి. ఆ కాలువలు సాగుకూ, పడవల రాకపోకలకూ తవ్వినవి. వాటి గట్ల మీద కంకర పడి, తారు పడి రోడ్లయ్యాయి. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క దిగువన వరిచేను. ఎదురుగా గడ్డి ట్రాక్టరు, చేపల చెరువులకు మేత తీసుకెళ్లే వ్యాను, పిల్లలతో నిండిన స్కూలు ఆటో, ఇంటికి మళ్లే గేదెలు. జూన్‌లో వదిలిన నీరు ఏప్రిల్ దాకా ఆ కాలువల్లో పారుతూనే ఉంటుంది. మలుపులో బండి అదుపు తప్పితే పట్టుకోవడానికి అక్కడ ఏముంది? నీళ్లలో మునుగుతున్న కారు తలుపును బయటి నీటి ఒత్తిడి తెరుచుకోనివ్వదు. కారు కాలువలోకి దూసుకెళ్లి ప్రాణాలు పోయాయన్న వార్త మన జిల్లా పేజీలో ఎన్నోసార్లు చదివాం. ఇంకోసారి చదవాలని నాకు లేదు.

పైగా ముందు చక్రాలతో నడిచే చిన్న బండికి బలం పెంచితే, గట్టిగా తొక్కినప్పుడల్లా స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. పెద్ద ఇంజను బరువంతా ముందే పడుతుంది కాబట్టి మలుపులో బండి తిరగాల్సినంత తిరగకుండా నేరుగా పోతుంది. గట్టు రోడ్డు మీద నేరుగా పోవడమంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు.

2018లో కేంద్రం నిర్ణయించిన వేగ పరిమితులు చూడు. నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు గరిష్ఠం గంటకు 100, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120, మిగతా రోడ్ల మీద 70. కండిషన్‌లో ఉన్న 800 ఇప్పుడున్న ఇంజనుతోనే వంద దాటి లాగుతుంది. అంటే మన రోడ్ల మీద చట్టం ఒప్పుకునే వేగమంతా మీ తాతగారి బండిలో ఎప్పటినుంచో ఉంది. అది అందడం లేదంటే ఇంజను చిన్నదై కాదు, ఎన్నో ఏళ్లుగా దాన్ని ఎవరూ సరిగా చూడక.

చట్టం సంగతి కూడా తెలుసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని యజమాని మార్చకూడదు. సీఎన్జీ, ఎల్పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనంతో నడిచేలా ఆమోదం పొందిన కిట్ బిగించుకోవడానికి షరతులతో వీలుంది. ఇంజను పూర్తిగా పోతే, అదే కంపెనీ, అదే రకం ఇంజను ఆర్టీఓ అనుమతితో వేసుకుని కొత్త నంబరును ఆర్సీలో ఎక్కించుకోవచ్చు. పెద్ద ఇంజనుకు ఆ దారి లేదు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఎ సెక్షన్‌ను మార్చి రాశారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంజను ఒకటి, సైలెన్సరు ఒకటి, ఇలా లెక్క పెట్టుకో.

మీ తాతగారి బండి పదిహేనేళ్లు ఎప్పుడో దాటింది. అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్‌కు తీసుకెళ్లాలి. అక్కడ ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రెండూ చూస్తారు. ఆ రోజు ఏం చూపిస్తావు? ఇన్సూరెన్సు మాట ఇంకా పెద్దది. చెప్పకుండా ఇంజను మార్చిన బండికి ప్రమాదం జరిగితే, నీ బండి నష్టానికి కంపెనీ చెయ్యి అడ్డం పెట్టవచ్చు. ఎదుటివాళ్లకు పరిహారం కట్టాల్సి వస్తే, ఆ సొమ్ము నీ దగ్గర వసూలు చేసుకునే పరిస్థితీ రావచ్చు. మీ నాన్న రెండెకరాల కొబ్బరితోట మీద అంత బరువు పెట్టే హక్కు నీకుందా?

పాత ఇంజను కొనడంలో ఇంకో ప్రమాదం ఉంది. దానికి బిల్లు ఉందా? ఏ బండిలోంచి తీశారో కాగితం ఉందా? నంబరు గీకేసి ఉంటే ముట్టుకోనే వద్దు. దొంగ బండి ఇంజను నీ పాకలో దొరికితే తెలియక కొన్నానన్న మాట స్టేషన్లో త్వరగా చెల్లదు. ఆటోనగర్‌లో నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గర కొన్నా సరే, కాగితం అడిగి తీసుకోవాలి.

పని జరిగే చోటు కూడా చూడాలి. మన పెరళ్లలో నేల ఒండ్రు. వాన పడితే జాకీ కింద నేల కుంగిపోతుంది. ఇటుకలు పేర్చి, కొబ్బరి దుంగలు పెట్టి బండి ఎత్తి దాని కింద దూరినవాళ్లను చూశాను. ఇటుక బరువుకు చెప్పకుండా పగులుతుంది. గేర్‌బాక్సుతో కలిపి ఇంజను బరువు మనిషి బరువు కంటే ఎక్కువ. దాన్ని పాక దూలానికో, మామిడి కొమ్మకో వేలాడదీయకూడదు. బరువు లెక్కతో చేసిన ఇనుప స్టాండు, చైన్ బ్లాకు ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుని ఉంటుంది. పక్కన వెల్డింగ్ నిప్పురవ్వ పడితే చాలు. కార్బొరేటర్ బండికి పెట్రోలు పంపు ఇచ్చే ఒత్తిడి తక్కువ. ఎంపీఎఫ్ఐ ఇంజనుకు కావలసింది దాదాపు పదింతలు. పాత పైపులతో, పాత క్లిప్పులతో దాన్ని కలిపితే వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్ముతుంది. వైరింగు సగం పాతది, సగం కొత్తది అయితే నిప్పు అంటుకోవడానికి అదొక్కటే చాలు.

ఇంతవరకు వద్దన్నదే చెప్పాను. ఇప్పుడు చేయమనేది విను, ఎందుకంటే ఆ పానాలు ఊరికే పడి ఉండడం నాకూ ఇష్టం లేదు.

మీ తాతగారి బండిని కంపెనీ నుంచి వచ్చిన నాటి బండిలా చెయ్యి. అది చిన్న పని అనుకోకు. ఏ ఇంజనునో తెచ్చి బిగించడం కంటే ఉన్న ఇంజనును మళ్లీ కొత్తదానిలా నిలబెట్టడానికే ఎక్కువ పనితనం కావాలి.

మొదట బ్రేకులు. డిస్కులు, ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లో బ్రేకు షూలు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు, అన్నీ విప్పి చూడు. తుప్పు పట్టిన బ్రేకు పైపులు మార్చు, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్ల బండ్లలో ఇవి లోపలే తినేసి ఉంటాయి. పాత బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాన్ని పూర్తిగా తీసేసి కొత్తది పొయ్యి. తర్వాత టైర్లు. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గాట్లు ఎంత బాగున్నా ముసలి టైరును నమ్మకు. తర్వాత షాక్ అబ్సార్బర్లు, బుష్షులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ ర్యాకు. ఇవి పూర్తయ్యేసరికే బండి వేరే బండి అయిందని నీకు అనిపిస్తుంది.

ఆ తర్వాత ఇంజను. విప్పే ముందే పరీక్ష చెయ్యి. ప్లగ్గులు తీసి మూడు సిలిండర్లలోనూ కంప్రెషన్ చూసి రాసుకో. ఏదైనా తక్కువుంటే అందులో కాస్త ఇంజనాయిలు పోసి మళ్లీ చూడు. కొలత పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వుల దగ్గరో, హెడ్ గ్యాస్కెట్ దగ్గరో లీకుంది. ఒక్క నట్టు కూడా విప్పకముందే రోగం సగం తెలిసిపోతుంది. అసలైన మెకానిక్కు అంటే అతనే.

హెడ్డు దించితే దాని కింది ముఖం మీద తిన్నటి బద్ద పెట్టి, ఫీలర్ గేజితో వంకర ఉందేమో చూడు. వాల్వులు పేస్టుతో రుద్ది కూర్చోబెట్టాక పోర్టుల్లో కిరసనాయిలు పోసి కాసేపు ఉంచు, కారకపోతే పని సరిగా చేసినట్టు. బోరు కొలత నువ్వు తీయకు, మంచి లేత్ షాపుకు తీసుకెళ్లి బోర్ గేజితో కొలిపించు. అరిగితే రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయించు. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా, టార్క్ రించితోనే బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. టైమింగ్ బెల్టు ఎన్నాళ్లదో తెలియకపోతే కొత్తది వెయ్యి, గుర్తులు కలిశాయో లేదో రెండుసార్లు చూసుకో. ట్యాపెట్లు సరిచెయ్యి. కార్బొరేటర్ విప్పి జెట్లు శుభ్రం చెయ్యి. రేడియేటర్ లోపల తుప్పు కడిగించు. అన్నీ అయ్యాక బండి తోలి చూడు. ఇన్నాళ్లూ కనిపించని పికప్ అప్పుడు కనిపిస్తుంది. ఆ ఇంజను తన 37 హార్స్ పవర్ పూర్తిగా ఇచ్చి ఎంత కాలమైందో అప్పుడు తెలుస్తుంది.

పని చేసేటప్పుడు కొన్ని నియమాలు పెట్టుకో. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎప్పుడూ పోకు. సిమెంటు నేల మీద ఇనుప స్టాండ్లు పెట్టి, బండిని ఊపి చూసి, అప్పుడే దూరు. ఏ పనైనా మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యి, అన్నీ అయ్యాక ఆఖర్న పెట్టు. పొడి చల్లి మంట ఆర్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచు, పెట్రోలు మంట మీద నీళ్లు పొయ్యకు. పాక తలుపులు వేసి ఇంజను నడపకు, ఆ పొగలో వాసన రాని విషం ఉంటుంది. ఒక్కడివే ఉన్నప్పుడు బరువు పని పెట్టుకోకు. విప్పిన ప్రతి భాగానికీ ఫోటో తియ్యి, కొలతలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకో. అలసిపోయాక ఇంకొక్క నట్టు బిగిద్దామనుకోకు, పొద్దున బిగించు.

పెద్ద ఇంజను ఉన్న బండి నడపాలని ఇంకా ఉంటే, ఆ ఇంజనుతో పుట్టిన బండే కొనుక్కో. ఇంజనుకు పెట్టేది, మౌంటింగుల వెల్డింగుకు పెట్టేది, గేర్‌బాక్సుకు, యాక్సిళ్లకు, వైరింగుకు పెట్టేది, ఆనక బ్రేకులు సరిపోక మళ్లీ పెట్టేది అంతా కూడితే, కాగితాలన్నీ సరిగా ఉన్న పాత కారు ఒకటి వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని నిర్భయంగా ఎక్కడికైనా తోలుకుపోవచ్చు. పుష్కరాల రేవుకు మీ అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని వెళ్లొచ్చు.

ఇంజను మార్చడంలో ఉన్న శాస్త్రాన్ని లోతుగా నేర్చుకోవాలనుంటే దానికీ దారి ఉంది. ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ ఇండియా 2007 నుంచి కాలేజీ విద్యార్థులకు బాహా పోటీలు పెడుతోంది. దేశం నలుమూలల నుంచి ఇంజనీరింగ్ విద్యార్థులు గతుకుల నేల మీద పరుగెత్తే బండ్లు సొంతంగా కట్టుకుని ఆ పోటీలకు వెళ్తారు. అక్కడ ఇంజను సైజు పెంచుకునే పోటీ లేదు. ఉన్న చిన్న ఇంజనుతో చట్రం, బ్రేకు, సస్పెన్షన్ ఎవరు తెలివిగా కట్టారన్నదే లెక్క. బండి ఆగుతుందో లేదో చూడకుండా దాన్ని పరుగు పందానికి దించరు. కాకినాడ జేఎన్‌టీయూలోనో, భీమవరం ఎస్ఆర్‌కేఆర్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఐటీఐ మోటారు మెకానిక్ ట్రేడులోనో చేరితే నీ చేతులకు లెక్క తోడవుతుంది. చేతికి పని, బుర్రకు లెక్క రెండూ ఉన్నవాడికి ఈ రోజుల్లో మన దగ్గరా, పుణె, చెన్నై ఫ్యాక్టరీల్లోనూ గౌరవమైన చోటుంది. కరెంటు కార్లు వస్తున్న కాలమిది. బ్రేకు, సస్పెన్షన్, చట్రం గురించి బాగా తెలిసినవాడి అవసరం వాటితోనూ తీరదు.

ఇది చదివే తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. పిల్లాడు పెరట్లో పానాలు పట్టుకుంటే చీవాట్లు పెట్టకండి. అతనికి సిమెంటు నేల, మంచి స్టాండ్లు, టార్క్ రించి కొనిపెట్టండి. ఊళ్లో పేరున్న మెకానిక్కు దగ్గరకు ఆదివారాలు పంపండి. పని తెలిసినవాడి పక్కన నిలబడి నేర్చుకున్నది వీడియోల్లో చూసినదానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఆ మెకానిక్కును పిల్లాడు గురువుగా చూసేలా నేర్పండి, ఎందుకంటే ఆయన చేతుల్లో ఉన్న అనుభవం ఏ పుస్తకంలోనూ దొరకదు.

అల్లుడూ, నీ ఉత్సాహం మీద నాకు నమ్మకం ఉంది. ఆ ఉత్సాహం నీ ప్రాణం మీదకో, ఎదురుగా వచ్చే స్కూలు ఆటోలోని పిల్లల మీదకో రాకూడదన్నదే నా బాధ. ఎస్టీమ్ ఇంజను బేరం వదిలెయ్యి. ఈ వేసవికి బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ పూర్తిచెయ్యి. వచ్చే వేసవికి అదే ఇంజనును దించి, బాగుచేసి, అదే బండిలో మళ్లీ ఎక్కించు. ఎక్కడైనా పని ఆగితే ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యి, నేను వస్తాను.